24 గంటల తోడు

రాత్రి భోజనాలయ్యాక గోరువెచ్చటి పాలలో చెంచాడు పెరుగు కలిపి మూత పెడితే తెల్లారేసరికి గిన్నెలో గడ్డపెరుగు సిద్ధం. ఎండాకాలమైతే నాలుగైదు గంటలు చాలు. తెలుగిళ్లలో ఈ పనికి గడియారం అక్కర్లేదు, చేతివేలు చాలు. పాలలో ముంచిన వేలికి చురుక్కుమనకూడదు, చల్లగానూ తగలకూడదు. తోడుకున్న పెరుగును ఆ పైన కూడా బయటే వదిలేస్తే మధ్యాహ్నానికి పులుస్తుంది, సాయంత్రానికి నీరు విడుస్తుంది. అప్పుడిక దాని దారి మజ్జిగ పులుసులోకే.

అలాంటి పుల్లటి పెరుగునే కోరి చేసుకునేవాళ్లున్నారు. 38 నుంచి 43 డిగ్రీల సెల్సియస్ వేడిలో, ఒక్క గంట కూడా తగ్గకుండా 24 గంటలు పులియబెడతారు. వాళ్లలో చాలామందికి క్రోన్స్ వ్యాధో అల్సరేటివ్ కొలైటిసో ఉంటుంది. పేగు లోపలి పొర వాచి, పుండ్లు పడి, నెత్తురు విరేచనాలతో మనిషిని నీరసపరిచే దీర్ఘకాలపు జబ్బులివి. వాళ్లు పాటించే పథ్యం పేరు స్పెసిఫిక్ కార్బొహైడ్రేట్ డైట్, క్లుప్తంగా ఎస్‌సీడీ. అందులో అన్నం లేదు, గోధుమ లేదు, పంచదార లేదు, బంగాళదుంప లేదు, పాలు లేవు. పెరుగు ఉంది. అయితే అది దుకాణం పెరుగు కాకూడదు. ఇంట్లో తోడుపెట్టి పూర్తిగా ఒక రోజు పులిసినదై ఉండాలి.

ఈ పథ్యం చెప్పిన కారణాలు అన్నీ నిలవలేదు. పెరుగు వల్ల కలిగే మేలు మాత్రం చాలావరకు నిలిచింది. ఈ రెంటినీ విడదీసి చూడకపోతే జబ్బు మనిషికి నష్టం. మేలు చేసే పెరుగును మూఢనమ్మకమని వదిలేస్తాడు, లేకపోతే పెరుగుతోపాటు అక్కర్లేని నిషేధాలన్నీ నెత్తిన పెట్టుకుని చిక్కిపోతాడు.

కథ అరటిపండుతో మొదలైంది. న్యూయార్క్‌లో సిడ్నీ వాలెంటైన్ హాస్ అనే పిల్లల వైద్యుడు ఉండేవాడు. ఆ రోజుల్లో సీలియాక్ జబ్బు వచ్చిన పసిపిల్లలు పొట్ట ఉబ్బి, కాళ్లూ చేతులూ పుల్లలై, తిన్నది ఒంటికి పట్టక చాలామంది చనిపోయేవారు. హాస్ వాళ్లకు రొట్టె, బిస్కెట్లు, జావలు, బంగాళదుంపలు మాన్పించి అరటిపండ్లు పెట్టాడు. పిల్లలు తేరుకున్నారు. 1924లో ఆ సంగతి వైద్య పత్రికలో ప్రకటించాడు. పిండిపదార్థాలు అరగక పేగులో కుళ్లడమే ఈ జబ్బుకు మూలమని, అరటిపండులోని చక్కెర సులువుగా ఒంటికి పడుతుందని అతని సిద్ధాంతం. కొడుకు మెరిల్ హాస్‌తో కలిసి 1951లో సీలియాక్ చికిత్స మీద పుస్తకం కూడా రాశాడు.

సరిగ్గా ఆ సమయంలోనే నెదర్లాండ్స్‌లో విల్లెమ్ కారెల్ డికె అసలు దోషిని పట్టుకున్నాడు. 1944-45 చలికాలంలో యుద్ధం వల్ల ఆ దేశంలో రొట్టె కరువైంది. గోధుమ దొరకని రోజుల్లో సీలియాక్ పిల్లలు కోలుకోవడం డికె అంతకుముందు నుంచీ పెంచుకున్న అనుమానానికి బలమిచ్చింది. 1950లో సమర్పించిన సిద్ధాంత గ్రంథంలో అతను గోధుమ పాత్రను చూపించాడు. మరి రెండేళ్లకు గోధుమలోని గ్లూటెన్ అనే ప్రొటీనే కారణమని తేలింది. హాస్ పథ్యం ఫలించింది అరటిపండు వల్ల కాదు, పళ్లెంలోంచి రొట్టె పోవడం వల్ల. పిల్లలు బతకడం నిజం, వైద్యుడు చెప్పిన కారణం తప్పు. 24 గంటల పెరుగు దగ్గరికి వచ్చేసరికి ఈ మాట మళ్లీ అవసరమవుతుంది.

1950ల చివర్లో ఎలేన్ గోట్‌షాల్ అనే తల్లి ఎనిమిదేళ్ల కూతురిని వెంటబెట్టుకుని హాస్ దగ్గరికి వచ్చింది. పాపకు అల్సరేటివ్ కొలైటిస్. మందులు పనిచేయలేదు, ఆపరేషన్ తప్పదన్నారు. అప్పటికి హాస్‌కు ఎనభై ఎనిమిదేళ్లు. వచ్చినవాళ్లను ఆయన మొదట అడిగింది పాప ఏం తింటోందని. తన పథ్యమే పెట్టించాడు. రెండేళ్లలో పాప కోలుకుంది. 1964లో హాస్ చనిపోయాక ఆ పథ్యం మరుగున పడిపోతుందని భయపడి, గోట్‌షాల్ 47వ ఏట మళ్లీ కాలేజీలో చేరింది. జీవశాస్త్రం చదివి, కెనడాలోని వెస్టర్న్ అంటారియో విశ్వవిద్యాలయంలో పరిశోధన చేసింది. 1987లో పుస్తకం రాసింది. అదే తర్వాత 'బ్రేకింగ్ ద విషస్ సైకిల్' అన్న పేరుతో 1994 నుంచి లక్షల ఇళ్లకు చేరింది. ఒక తల్లి బిడ్డకోసం మొదలుపెట్టి అంత వయసులో అంత దూరం నడిచిందంటే ఆ పట్టుదల ముందు తలవంచాల్సిందే. ఆమె రాసిన ప్రతి వాక్యమూ శాస్త్రానికి నిలబడిందా అన్నది వేరే ప్రశ్న.

ఆమె వాదన ఇది. గ్లూకోజ్, ఫ్రక్టోజ్ లాంటి ఒంటరి చక్కెరలు పేగు గోడలోంచి నేరుగా లోపలికి పోతాయి. జంట చక్కెరలను, పిండిపదార్థాలను మాత్రం ముందు విడగొట్టాలి. జబ్బుపడిన పేగు ఆ పని చేయలేదు. అరగకుండా మిగిలినవి సూక్ష్మజీవుల పాలవుతాయి. అవి పెరిగి ఆమ్లం, గాలి పుట్టిస్తాయి. దాంతో పేగు మరింత దెబ్బతింటుంది, మరింత అరగదు. ఈ చక్రాన్ని తెంచాలంటే జంట చక్కెరలేవీ లోపలికి పోకూడదు. పాలలోని లాక్టోజ్ జంట చక్కెరే కాబట్టి పాలు నిషిద్ధం. పెరుగులో సూక్ష్మజీవులు ఆ లాక్టోజ్‌ను ముందే తినేస్తాయి కాబట్టి పెరుగు తినొచ్చు. అవి పూర్తిగా తినేదాకా ఆగాలి కాబట్టి 24 గంటలు.

ఈ తర్కం చెవికి ఇంపుగానే ఉంది. లెక్క వేస్తే మాత్రం ఒక చోట పట్టు తప్పుతుంది.

వంద గ్రాముల ఆవు పాలలో దాదాపు 5 గ్రాముల లాక్టోజ్ ఉంటుంది. అది విడిపోతే సుమారు సగం గ్లూకోజ్, సగం గెలాక్టోజ్. పెరుగు సూక్ష్మజీవుల్లో చాలా రకాలు గ్లూకోజ్‌ను తిని లాక్టిక్ ఆమ్లంగా మార్చి, గెలాక్టోజ్‌ను బయటికి వదిలేస్తాయి. ఆ గ్లూకోజ్ మొత్తం ఆమ్లమైతే వంద గ్రాముల పెరుగులో రెండున్నర గ్రాములకు పైగా ఆమ్లం పుట్టాలి. కానీ ఆమ్లం రెండు శాతం దగ్గరపడేసరికే ఈ సూక్ష్మజీవులు తాము చేసిన పులుపులో తామే నీరసిస్తాయి. అంటే గడియారం 24 గంటలు చూపించినా పెరుగులో కొంత లాక్టోజ్ మిగిలే ఉంటుంది. నాలుగైదు గంటలు పులిసిన మామూలు యోగర్ట్‌లోనైతే పాలలోని లాక్టోజ్‌లో తగ్గేది సుమారు మూడో వంతు లోపే. పూర్తి రోజు ఆగితే అంతకంటే బాగా తగ్గుతుంది. సున్నాకు చేరుతుందన్న మాటను మాత్రం నమ్మలేం.

మరి పాలు సరిపడనివాళ్లకు పెరుగు ఎందుకు సరిపడుతోంది? 1984లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చిన ఒక చిన్న పరిశోధన దీనికి చక్కటి జవాబు చెప్పింది. లాక్టోజ్‌ను విడగొట్టే లాక్టేజ్ అనే ఎంజైమ్ కొరవడిన పదిమందికి ఒకసారి పాలు, ఒకసారి పెరుగు ఇచ్చారు. రెంటిలోనూ లాక్టోజ్ 18 గ్రాములే. అరగని చక్కెర పెద్దపేగులో పులిస్తే హైడ్రోజన్ పుట్టి ఊపిరిలోంచి బయటికి వస్తుంది, దాన్ని కొలిచారు. పాలు తాగినప్పటితో పోలిస్తే పెరుగు తిన్నప్పుడు వచ్చింది మూడో వంతే. కారణం, పెరుగులోని సూక్ష్మజీవులు లాక్టోజ్‌ను విడగొట్టే ఎంజైమ్‌ను తమ ఒంట్లోనే మోసుకుని మన పేగుదాకా వస్తాయి. మిగిలిన లాక్టోజ్‌ను అక్కడ విడగొడతాయి. పెరుగు తనను తానే అరిగించుకుంటుంది. దానికి తోడు పాలలా జారిపోకుండా గడ్డగా నెమ్మదిగా కదులుతుంది కాబట్టి ఆ ఎంజైమ్‌కు వ్యవధి దొరుకుతుంది. ఐరోపా ఆహార భద్రత సంస్థ 2010లో ఈ ప్రయోజనాన్ని అధికారికంగా ఒప్పుకుంది. పెట్టిన షరతు ఒకటే, గ్రాము పెరుగులో కనీసం 10 కోట్ల సూక్ష్మజీవులు బతికి ఉండాలి.

హాస్ అరటిపండు కథే ఇక్కడ ఇంకోసారి జరిగింది. పెరుగు కడుపులో ఇమడటం నిజం. అందులో లాక్టోజ్ సున్నా కావడం వల్ల కాదు, అందులోని సూక్ష్మజీవులు బతికి ఉండటం వల్ల. దీన్నిబట్టి వంటింటికి ఒక హెచ్చరిక కూడా ఉంది. మరిగించిన మజ్జిగ పులుసులో ఆ సూక్ష్మజీవులు మిగలవు. పాలు పడని మనిషికి పెరుగు ఇచ్చే మేలు మజ్జిగ పులుసు ఇవ్వదు.

తెలుగువాళ్లకు ఈ సంగతి దూరపుది కాదు. 1972లోనే హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు వినోదిని రెడ్డి, జితేందర్ పర్షాద్ భారతీయుల్లో లాక్టేజ్ లోపం గురించి అమెరికన్ జర్నల్ ఆఫ్ క్లినికల్ న్యూట్రిషన్‌లో రాశారు. నలభై ఏళ్ల తర్వాత, 2012లో, హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్తలు కూడా పాలుపంచుకున్న జన్యు పరిశోధన ఇంకో కోణం చూపింది. పెద్దయ్యాక కూడా పాలు అరిగించుకునే జన్యు మార్పు మన దేశంలో వాయవ్యాన ఎక్కువ, ఆగ్నేయానికి వచ్చేకొద్దీ తక్కువ. పంజాబీ లోటాడు లస్సీ పక్కన చెంబెడు పాలూ తాగగలడు. మన దగ్గర పాలు పడవనే పెద్దలు ఏ వీధిలో చూసినా కనిపిస్తారు, వాళ్లే పెరుగన్నం లేకుండా భోజనం ముగించరు. చరక సంహిత గ్రహణి అనే పేగు జబ్బు చికిత్సలో మజ్జిగకు పెద్దపీట వేయడం కూడా ఈ అనుభవంలోంచి వచ్చిందే అయ్యుండాలి.

ఎస్‌సీడీ ఒక్కటే కాదు, పెరుగును లెక్కలోకి తీసుకునే పథ్యం ఇంకొకటుంది. ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్‌లో, మోనాష్ విశ్వవిద్యాలయంలో రూపుదిద్దుకున్న లో-ఫాడ్‌మ్యాప్ పథ్యం అది. పేగులో వాపేమీ లేకుండా కడుపుబ్బరం, నొప్పి, విరేచనాలతో వేధించే ఐబీఎస్ ఉన్నవాళ్లకు దాన్ని చెబుతారు. లాక్టోజ్ లాంటివాటిని కొన్ని వారాలు తగ్గించి, తర్వాత ఒక్కొక్కటే తిరిగి పెట్టి చూసి, ఎవరికి ఎంత పడుతుందో తేల్చడం దాని పద్ధతి. అందులో బియ్యం నిషిద్ధం కాదు, ఉల్లి, వెల్లుల్లి, గోధుమ నిషిద్ధం. ఈ రెండు పథ్యాలనూ కలగలిపి రెండు జాబితాల్లోని నిషేధాలూ పాటించేవాళ్లకు చివరికి తినడానికేమీ మిగలదు. ఏ పథ్యం ఏ జబ్బుకో ముందు డాక్టరు చేత తేల్చుకోవాలి.

ఎస్‌సీడీని పరీక్షకు పెట్టినప్పుడు ఏం తేలింది? 2014లో సియాటిల్ పిల్లల ఆసుపత్రి వైద్యులు క్రోన్స్ ఉన్న ఏడుగురు పిల్లల వివరాలు ప్రకటించారు. రోగనిరోధక శక్తిని అణచే మందులు లేకుండా, పథ్యం మీదనే మూడు నెలల్లో లక్షణాలు తగ్గాయి. ఆశ పుట్టించే సంగతే. కానీ ఏడుగురే, పోల్చి చూడటానికి ఇంకో వర్గం లేదు. 2021లో అసలైన పోటీ జరిగింది. అమెరికాలో క్రోన్స్ ఉన్న పెద్దల్లో సగంమందికి ఎస్‌సీడీ, సగంమందికి మధ్యధరా ప్రాంతపు ఆహారం ఇచ్చారు. కూరగాయలు, పప్పులు, చేపలు, ఆలివ్ నూనె, ముడిధాన్యాలు ఉండే ఆహారం అది. ఆరు వారాల తర్వాత 191 మంది ఫలితాలు చూస్తే లక్షణాలు తగ్గినవాళ్లు ఎస్‌సీడీలో 46.5 శాతం, మధ్యధరా ఆహారంలో 43.5 శాతం. తేడా లేదన్నట్టే. నెత్తురులో వాపును చూపే సీఆర్‌పీ రెండు వర్గాల్లోనూ కొద్దిమందికే దిగింది. మరుసటి ఏడాది, పేగు వాపు ఉన్న 54 మంది పిల్లల మీద ఇంకో పరిశోధన ఫలితాలు వచ్చాయి. కఠినమైన ఎస్‌సీడీనీ కొంత సడలించినదానినీ పోల్చితే నిలకడగా తేడా కనిపించలేదు. కొందరు పిల్లలకు మాత్రం మేలు కనిపించింది.

ఇది పథ్యం ఓడిందన్న తీర్పు కాదు. ఆహారం మారిస్తే మనిషి తేలికపడతాడని రెండు వర్గాలూ చూపించాయి. కఠిన నిషేధాల వల్లే అది జరిగిందన్న మాటే నిలవలేదు. తెలుగు శాకాహారి ఇంట్లో ఇది చిన్న విషయం కాదు. ఎస్‌సీడీ పాటిస్తే అన్నం, ఇడ్లీ, దోసెలు పోతాయి, శనగలూ పెసలూ నిషిద్ధం కాబట్టి పెసరట్టు కూడా పోతుంది. గుడ్డు, మాంసం ముట్టనివాళ్లకు రోజూ ప్రొటీన్ ఇచ్చేది బాదంపప్పు లాంటి గింజలు, కొన్ని పప్పులు, ఆ గిన్నెడు పెరుగే. వంద గ్రాముల పెరుగులో ప్రొటీన్ మూడు నాలుగు గ్రాములు. జబ్బుతో అప్పటికే బరువు తగ్గిన పిల్లవాడిని డైటీషియన్ సలహా లేకుండా ఇలాంటి పథ్యంలో పెట్టడం ప్రమాదమని గట్టిగా చెప్పాల్సిందే. జబ్బు ఉధృతంగా ఉన్నప్పుడు మందులు మానేసి పెరుగును నమ్ముకోవడం అంతకంటే పెద్ద ప్రమాదం.

ఇక పెరుగు దగ్గరికి వద్దాం. మన ఇంటి పెరుగు, ఎస్‌సీడీ అడిగే యోగర్ట్ ఒకటేనా? చూడటానికి ఒకటే, లోపలి జనాభా వేరు. యోగర్ట్‌లో పనిచేసేవి లాక్టోబాసిల్లస్ బల్గారికస్, స్ట్రెప్టోకాకస్ థర్మోఫిలస్. మొదటిదాన్ని 1905లో జెనీవాలో చదువుకుంటున్న బల్గేరియా యువకుడు స్టామెన్ గ్రిగొరోవ్ తన ఊరి పెరుగులోంచి వేరుచేశాడు. రెండూ 42 డిగ్రీల చుట్టుపక్కల ఉరకలేస్తాయి. మన పెరుగు 30 డిగ్రీల గది వేడిలో తోడుకునేది. అందులో లాక్టోకాకస్ లాక్టిస్, ల్యూకోనోస్టాక్ లాంటివి కూడా కాపురముంటాయి. మన పెరుగుకు ఆ కమ్మటి వెన్న వాసన వాటివల్లే. వీటికి 42 డిగ్రీలు పడవు. ఇంటి పెరుగునే తోడేసి వేడి యంత్రంలో పదే పదే చేస్తే కొన్ని తరాలకు చల్లదనం కోరేవి పోయి వేడి కోరేవే మిగులుతాయి. రుచి మారడం గమనించి, పెరుగు పాడైందని అనుకునేవాళ్లకు అసలు సంగతి ఇది.

అందుకే ఎస్‌సీడీ పుస్తకాలు ప్రతిసారీ కొత్త తోడు వేయమంటాయి. తెలుగిళ్లలో తోడు, చేమిరి, ఏ పేరుతో పిలిచినా, అది ఇంటి ఆస్తి. కొత్త కాపురం పెట్టిన అమ్మాయి పక్కింటి నుంచి తెచ్చుకున్న తోడు ఏళ్ల తరబడి సాగుతుంది. ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు అందులో ఏ ఇబ్బందీ లేదు. పేగు పుండ్లు పడి, రోగనిరోధక శక్తిని అణచే మందులు వాడుతున్నవాళ్లకు మాత్రం తోడులో ఏమున్నాయో తెలిసి ఉండటం మంచిది. తోడు లేనప్పుడు ఎండుమిరపకాయ తొడిమెలో చింతపండో వేసి పెరుగు చేయడం మన దగ్గర పాత ఉపాయం. తొడిమెల మీద ఏయే సూక్ష్మజీవులు వస్తాయో చెప్పలేం కాబట్టి రోగికి ఆ దారి వద్దు. పొడి రూపంలో ప్యాకెట్లలో దొరికే యోగర్ట్ తోడు, లేదంటే పాలు, సూక్ష్మజీవులు తప్ప మరేమీ లేని మంచి పెరుగు వాడుకోవాలి. చిక్కదనం కోసం పిండి, పాలపొడి కలిపినవి పనికిరావు.

తోడు విషయంలో ఎస్‌సీడీ పెట్టిన ఒక నియమం సడలించుకోదగ్గది. బిఫిడోబాక్టీరియా ఉన్న తోడు వాడొద్దని, అది పేగులో మితిమీరి పెరుగుతుందని గోట్‌షాల్ భయం. పెద్దపేగు తీసేసినవాళ్లలో పౌచిటిస్ అనే వాపు తిరగబెట్టకుండా ఆపడానికి ఇటలీలో 40 మందిపై జరిగిన పరిశోధన 2000లో వచ్చింది. అందులో వాడిన సూక్ష్మజీవుల మిశ్రమంలో మూడు రకాల బిఫిడోలున్నాయి. అది తీసుకున్న ఇరవై మందిలో ముగ్గురికే జబ్బు తిరగబెట్టింది. ఉత్తుత్తి మందు తీసుకున్న ఇరవై మందికీ తిరగబెట్టింది. బిఫిడో ఉన్నంత మాత్రాన ఒక పెరుగును పారేయాల్సిన పని లేదు.

చేసే విధానంలో ప్రతి మెట్టుకూ కారణముంది. లీటరు పాలతో మొదలుపెట్టాలి. టోన్డ్ పాలలో కొవ్వు 3 శాతం, ఫుల్ క్రీమ్‌లో 6 శాతం. కొవ్వు తింటే విరేచనాలు పెరిగేవాళ్లు టోన్డ్ పాలు తీసుకోవాలి. గేదె పాలు గట్టిగా తోడుకుంటాయి, మేక పాలు పలచగా. పచ్చిపాలను కాచకుండా ఎన్నడూ వాడకూడదు. పాలను 82 డిగ్రీలదాకా వేడిచేసి, సన్నటి సెగ మీద పావుగంట ఆ వేడిలోనే ఉంచాలి. క్రిములు చావడం ఒక లాభం. రెండోది, పాలలోని వే ప్రొటీన్లు విప్పారి కేసీన్ అనే మరో ప్రొటీన్‌ను పట్టుకుంటాయి, అందుకే పెరుగు నీరు విడవకుండా గట్టిపడుతుంది. పల్లెల్లో దాలిలో పిడకల సెగ మీద పొద్దంతా ఎర్రగా కాగిన పాలతో తోడేసిన పెరుగు కత్తితో కోసేలా ఉండేదంటే దాని వెనకున్నది ఇదే.

తర్వాత గిన్నెను చల్లటి నీళ్లలో పెట్టి 42 డిగ్రీలకు దింపాలి. ఇక్కడ చేతివేలిని నమ్ముకోవద్దు. 50 దాటిన పాలలో తోడు వేస్తే అది చచ్చిపోవచ్చు, అప్పుడు పాలు పాలలాగే ఉండి పాడవుతాయి. వంటకు వాడే డిజిటల్ థర్మామీటరు చాలు. జ్వరం చూసే పాదరసం గొట్టాన్ని మాత్రం వంటింట్లోకి తేకూడదు. మీగడ తీసేసి, పావు కప్పు తోడును కొంచెం పాలలో చిలికి, మిగతా పాలలో కలపాలి.

అసలు కష్టం ఆ పైన. 24 గంటలు వేడి నిలబెట్టడం. న్యూజెర్సీ, డల్లాస్‌లలోని తెలుగిళ్లలో చాలామందికి ఇన్‌స్టంట్ పాట్ ఉంది. అందులో యోగర్ట్ మీట ఉన్న రకాన్ని 24 గంటలకు పెట్టుకోవచ్చు. యోగర్ట్ మేకర్ ఉంటే ఇంకా సులువు. ఏదీ లేకపోతే మూతున్న హాట్‌కేస్‌లో, చుట్టూ వేడినీళ్ల సీసాలు పెట్టి, నాలుగైదు గంటలకోసారి నీళ్లు మారుస్తూ ఉండాలి. రాత్రి రెండుసార్లు లేవాల్సి వస్తుంది. విజయవాడలోనో రామగుండంలోనో మే నెల మధ్యాహ్నం గదే 40 డిగ్రీలుంటుంది, తెల్లవారుజామున మాత్రం కిందికి దిగుతుంది. అరకులోనో ఆదిలాబాద్‌లోనో డిసెంబరులో యంత్రం లేకుండా ఈ పని సాగదు. మధ్యలో గిన్నెను కదిపితే గడ్డ విరిగి నీరు చేరుతుంది. గడువు తీరాక కలపకుండా ఫ్రిజ్‌లో ఎనిమిది గంటలుంచితే గట్టిపడుతుంది.

ఒకటి తప్పకుండా పాటించాలి. ఎనిమిది పది గంటలైనా పాలు తోడుకోకపోతే తోడు బతికి లేదన్నమాట. 40 డిగ్రీల్లో అంతసేపు పులుపు లేకుండా ఉన్న పాలు ఇతర క్రిములకు విందు. కాచి మళ్లీ వాడుదామనుకోవద్దు. స్టెఫిలోకాకస్ ఆరియస్ లాంటివి వదిలే విషం మరిగించినా పోదు. గులాబీరంగు, నారింజరంగు, నల్లచుక్కలు కనిపించినా గిన్నె మొత్తం పారేయాలి. పైన తేరిన పచ్చటి నీరు మాత్రం పాడైనదానికి గుర్తు కాదు.

లాక్టోజ్‌ను ఇంకా తగ్గించాలనుకునేవాళ్లకు గడియారం కంటే మెరుగైన దారులు రెండున్నాయి. మొదటిది, తోడుకున్న పెరుగును పల్చటి గుడ్డలో కట్టి ఫ్రిజ్‌లో మూడు నాలుగు గంటలు వేలాడదీయడం. మిగిలిన లాక్టోజ్‌లో కొంత భాగం ఆ నీటితో కారిపోతుంది, అదే బరువు పెరుగులో ప్రొటీన్ దాదాపు రెట్టింపవుతుంది. రెండోది, లాక్టోజ్ విడగొట్టిన పాలతోనే తోడువేయడం. అమూల్ లాంటి సంస్థలు అలాంటి పాలు అమ్ముతున్నాయి. వాటితో చేసిన పెరుగు ఆరేడు గంటల్లో తోడుకున్నా లాక్టోజ్ నామమాత్రమే. పులుపు పడక ఛాతీ మంట వచ్చేవాళ్లకు ఇది వరం.

పెరుగు అందరికీ కాదు. గెలాక్టోసీమియా అనే పుట్టు జబ్బు ఉన్న పిల్లలకు ఎంత పులిసినా పెరుగు విషమే, ఎందుకంటే పులిసినకొద్దీ గెలాక్టోజ్ మిగులుతుంది. పాల ప్రొటీన్ అలర్జీ ఉన్నవాళ్లకూ పనికిరాదు. 2008లో నెదర్లాండ్స్‌లో తీవ్రమైన క్లోమ వాపు రోగులకు సూక్ష్మజీవుల మందు ఇచ్చి చూశారు. ఇచ్చినవాళ్లలో 16 శాతం, ఇవ్వనివాళ్లలో 6 శాతం చనిపోయారు. అది పెరుగు కాదు, కానీ బతికున్న సూక్ష్మజీవులు ఎప్పుడూ ఎవరికైనా మంచివేనన్న ధీమా తగదని చూపించింది. ఆసుపత్రి మంచం మీద ఉన్నవాళ్లు, అజాథయోప్రిన్, బయోలాజిక్ ఇంజెక్షన్లు వాడేవాళ్లు ముందు వైద్యుణ్ణి అడగాలి. కడుపు జబ్బులకు తరచూ రాసే సిప్రోఫ్లాక్సాసిన్ మాత్రను పెరుగుతో కలిపి వేసుకోకూడదు. పెరుగులోని కాల్షియం మందును పట్టేసి ఒంటికి అందనివ్వదు.

మొదలుపెట్టేవాళ్లు గిన్నెడు తినకుండా రోజుకొక చెంచాతో ప్రారంభించి, మూడు నాలుగు రోజులకోసారి పెంచాలి. ఉబ్బరం వస్తే వెనక్కి తగ్గాలి. కడుపు కుదుటపడి నెలా రెండు నెలలయ్యాక ఇంకో పరీక్ష కూడా ఇంట్లోనే చేసుకోవచ్చు. ఒక వారం 24 గంటల పెరుగు, మరో వారం అదే పాలతో, అదే తోడుతో ఎనిమిది గంటలకే ఫ్రిజ్‌లో పెట్టిన పెరుగు తిని, రోజూ కడుపు సంగతి ఒక నోట్‌బుక్‌లో రాసుకోవాలి. రెండు వారాలూ ఒకేలా గడిస్తే రాత్రిళ్లు లేచి వేడినీళ్ల సీసాలు మార్చే పని ఆ ఇంటికి తప్పుతుంది. తేడా కనిపిస్తే యంత్రం కొనుక్కోవడానికి పెట్టిన డబ్బు దండగ కాదు. ఆ నోట్‌బుక్‌ను డాక్టరుకు చూపించి, ఆయన సరేనంటే తర్వాతి వారం పెరుగులో రెండు చెంచాల మెత్తటి అన్నం కలిపి చూడవచ్చు.